తరతరాల ఋణం

భాద్రపద మాసపు అమావాస్యను తెలంగాణ పల్లెలలో పెత్రమాస అంటారు. అది పెద్దలను తలచుకొనే దినం. ఆనాటి ఉదయం గతించిన తల్లిదండ్రుల పేరిట, తాతముత్తాతల పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు దానం ఇస్తారు. ‘పెద్దలకు బియ్యం ఇవ్వడం’ అని దీనికి పేరు. అదే నాటి సాయంకాలం ఆడపడుచులు ఎంగిలిపూల బతుకమ్మను పేర్చి, ఆడి పాడి, ఊరి చెరువు నీటిలో సాగనంపుతారు. ముస్లిములు షబే బరాత్ రాత్రి తమవారి సమాధులను దర్శించి ప్రార్థిస్తారు. క్రైస్తవులలో పలువురు నవంబరు 2వ తేదీన సమాధులను పూలతో అలంకరించి దీపాలు వెలిగిస్తారు. మతాలు వేరైనా, ఆచారాలు వేరైనా వీటన్నిటి వెనుక ఉన్న భావం ఒక్కటే. మనకంటె ముందు కొందరున్నారు. వారు లేనిదే మనం లేము.

ఈ భావం ఉదాత్తమైనది. కాని ఏడాదికి ఒక దినం తలచుకొన్నంత మాత్రాన పెద్దల ఋణం తీరిపోతుందా? తీరదనే చెప్పాలి. అయితే ఎట్లా తీరుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం మన సంప్రదాయంలోను, మన ఊళ్ళ చరిత్రలోను ఉన్నది.

మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలతో పుడతాడని మన పూర్వులు భావించారు. అవి దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. యజ్ఞం చేత దేవఋణం, అధ్యయనం చేత ఋషిఋణం, సంతానం చేత పితృఋణం తీరుతాయని వారి నమ్మకం. ఇందులో ఒక విశేషాన్ని గమనించండి. సాధారణంగా అప్పు ఇచ్చినవానికే దానిని తిరిగి చెల్లిస్తాము. సూర్యాపేట అంగడిలో అరువు తెచ్చిన సరుకుకు ఆ అంగడిలోనే సొమ్ము కడతాము. పితృఋణం మాత్రం అట్లాంటిది కాదు. అది వెనుకటి వారినుండి తీసుకొని ముందటి వారికి చెల్లించే ఋణం. ఇచ్చినవారు ఇప్పుడు లేరు. పుచ్చుకోవలసినవారు ఇంకా పుట్టలేదు. మధ్యలో నిలిచి ఉన్నవారము మనమే. ఈ ఋణం చెల్లించకపోతే అడిగేవారు లేరు, వ్యాజ్యం వేసేవారు లేరు. అందువలననే ఇది అన్ని అప్పులకంటె బరువైనది.

సంతానం అనే మాటకు బిడ్డలు అనే అర్థం మనకు తెలుసు. ఎడతెగక సాగిపోవడం అనేది దాని మూలార్థం. అందుకే మన పూర్వులు సంతానాన్ని కడుపున పుట్టిన బిడ్డలకే పరిమితం చేయలేదు. కుమారుడు, చెరువు, గుడి, తోట, కావ్యం, నిధి, అగ్రహారం అనే ఏడింటిని కలిపి సప్తసంతానాలు అన్నారు. మనిషి పోయిన తరువాత కూడా పదిమందికి ఉపయోగపడుతూ అతని పేరును నిలిపేవి ఇవి అని వారి అభిప్రాయం. ఆ జాబితాలో చెరువు కూడా ఒక బిడ్డే. బిడ్డను కని వదిలివేసేవారుండరు. పెంచాలి, కాపాడాలి, పెద్దచేయాలి. చెరువు విషయంలోను అంతే.

సూర్యాపేటకు దగ్గరలోనే పిల్లలమర్రి అనే గ్రామం ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు ఓరుగల్లును ఏలుతున్న కాలంలో రేచర్ల వంశపు సామంతులు ఈ ప్రాంతాన్ని పాలించారు. ఆ వంశీయుడైన బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఇక్కడ ఎరకేశ్వరాలయాన్ని కట్టించింది. నల్లని రాతి స్తంభాల నునుపు, వాటిపై చెక్కిన బొమ్మల పొందిక నేటికీ చూపరులను నిలబెడతాయి. ఎనిమిది వందల ఏళ్ళు గడిచినా ఆమె పేరు గుడి పేరులో నిలిచి ఉన్నది. ఊరి పేరును చూడండి. పిల్లలమర్రి అంటే పిల్లలు గల మర్రి. మర్రిచెట్టు కొమ్మలనుండి ఊడలు దిగుతాయి. అవి నేలను తాకి, వేళ్ళూని, మానులై తమను కన్న కొమ్మలను మోస్తాయి. తల్లి మాను శిథిలమైనా ఊడలు చెట్టును నిలబెడతాయి. పూర్వులకు, రాబోయేవారికి గల సంబంధాన్ని ఇంతకంటె చక్కగా చెప్పే పోలిక వేరొకటి లేదు.

అయితే ఊడలు తమంత తామే దిగినట్లు, మనుషుల సంపద తనంత తానే నిలువదు. మహబూబ్‌నగర్‌ దగ్గర పిల్లలమర్రి అనే పేరుతోనే ఒక మహావృక్షం ఉన్నది. దాని వయస్సు సుమారు ఏడువందల ఏళ్ళని చెబుతారు. చెదలు పట్టి ఆ చెట్టు కొమ్మ ఒకటి కూలిపోగా, 2018లో రోగికి సెలైన్ ఎక్కించినట్లు సీసాలు కట్టి, మందును బొట్టుబొట్టుగా దాని మానులోకి ఎక్కించారు. వంగిన కొమ్మలకు ఆధారంగా స్తంభాలు నిలిపారు. ఏడు శతాబ్దాలు బతికిన చెట్టుకైనా సమయానికి చూసే కన్ను, చేసే చేయి కావలసి వచ్చాయి.

కాకతీయుల కాలపు చెరువులు ఇంతకాలం నిలవడానికి కారణం కూడా ఇదే. తెలంగాణ నేల ఎత్తుపల్లాలతో కూడినది. వర్షం కొద్దినెలలే కురుస్తుంది. ఆ నీటిని పట్టి నిలపడానికి ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును చేరేటట్లు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించారు. కట్ట వేసినంతటితో వారి పని ముగియలేదు. చెరువును నిర్మించినవారికి, దానిని బాగుచేసేవారికి దశబంధం అనే పేరుతో భూమినో, పంటలో భాగాన్నో ఇచ్చే ఏర్పాటు శాసనాలలో కనిపిస్తుంది. తూము ఎత్తి దించడానికి, ఏ పొలానికి ఎంత నీరు పారాలో చూడడానికి ఊరికొక నీరటి ఉండేవాడు. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు రైతులు పూడికమట్టిని బండ్లతో పొలాలకు తోలుకొనేవారు. దానితో చెరువుకు లోతు, పొలానికి సారం ఒకేసారి లభించేవి. కనుక మనం కాకతీయుల చెరువు అని పిలుస్తున్నది ఒక్క రాజు కట్టించినది కాదు. దానిని ప్రతి తరం తన వంతుగా మళ్ళీ కట్టింది. ఏ ఒక్క తరం చేయి దించినా అది మనదాకా వచ్చేది కాదు.

కాపాడడం అంటే దాచిపెట్టడం అని కొందరు పొరబడతారు. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరి ప్రసిద్ధ బౌద్ధక్షేత్రం. కొండమీది ఆ స్తూపం, విహారాలు, తోరణశిల్పాలు ప్రపంచం దృష్టిని ఆకర్షించాయి. 2024లో అక్కడ జరిపిన తవ్వకాలలో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలున్నాయి. ఎవరో తమ రేపటికోసం వాటిని భూమిలో దాచుకొన్నారు. ఆ రేపు వారికి రాలేదు. చరిత్రకారులకు ఆ నాణేలు అమూల్యమైనవే. కాని వాటితో ఈనాడు గుప్పెడు గింజలు కొనలేము. కాకతీయుల నాటి చెరువు మాత్రం ఈ ఏటి వానకు కూడా నిండుతుంది, ఈ ఏటి పంటకు కూడా పారుతుంది. రేపటివారికి నిజంగా దక్కేది నలుగురి చేతులలో బతికి ఉన్న సంపదే.

మరి ఆ సంపదను మనం ఏ స్థితిలో ఉంచాము? గడచిన యాభై అరవై ఏళ్ళలో చెరువుల పాలన గ్రామస్థుల చేతులనుండి జారిపోయింది. నీరటి వ్యవస్థ సన్నగిల్లింది. పూడిక పేరుకొన్నది. పట్టణాల అంచులలో శిఖం భూములు ప్లాట్లుగా మారాయి. చెరువు నీటికి బదులు బోరుబావులు వచ్చాయి. వంద అడుగులలో నీరు పడకపోతే మూడువందలు, అక్కడా లేకపోతే ఆరువందలు అని భూమిని తొలుచుకొంటూ పోయాము. చెరువు నీరు ఏటేటా వచ్చే ఆదాయం వంటిది. లోతైన రాతి పొరలలోని నీరు తరతరాలుగా నిలువ చేరిన మూలధనం వంటిది. ఆదాయాన్ని వదిలి మూలధనాన్ని తినే కుటుంబం ఎంతకాలం నిలుస్తుంది?

ఈ పొరపాటుకు మూల్యం చెల్లించినది పిల్లలే. నల్లగొండ జిల్లా పడమటి భాగంలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల రాళ్ళలో ఫ్లోరిన్ ఖనిజాలు ఎక్కువ. పై పొరలలోని నీరు అడుగంటి లోతైన పొరలలోని నీటిని తాగవలసి వచ్చిన చోట ఫ్లోరైడు శరీరంలో చేరింది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంతకు ఎన్నో రెట్లు గల నీటిని తాగిన పిల్లల పళ్ళు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు. ఆ ఊళ్ళలో పుట్టడం, ఉన్న నీటిని తాగడం తప్ప వారు ఏమీ ఎరుగరు. ఇటీవలి సంవత్సరాలలో నదీజలాలు నల్లాల ద్వారా ఇంటింటికి అందడం మొదలైన తరువాత ఈ ముప్పు చాలవరకు తగ్గింది. కాని ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. ఒక తరం నీటిని గురించి తీసుకొనే నిర్ణయం మరొక తరం శరీరంలో వ్రాయబడుతుందని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

చెరువులను పునరుద్ధరించే ప్రయత్నం లేకపోలేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగుచేసే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎన్నో చోట్ల పూడికమట్టి మళ్ళీ పొలాలకు చేరింది. అయితే యంత్రాలు వచ్చి ఒకసారి పూడిక తీసి వెళ్ళినంత మాత్రాన చెరువు బాగుపడదు. దానిని ఏటేటా చూసుకొనే ఊరు ఉండాలి. వాగులు, వంకలు, అలుగులు పారే దారులు వదలాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి కోదాడ పట్టణపు పల్లపు వీధులు మునిగిపోయాయి. నడిగూడెం మండలంలోని కాగితరామచంద్రాపురం వద్ద సాగర్ ఎడమకాలువకు గండిపడింది. అంతటి వానను ఆపడం ఎవరి తరమూ కాదు. కాని వాన తరువాత నీరు పోవలసిన దారిని కాపాడడం మన చేతిలోని పని. మనుషులు మరచినా నీరు తన దారిని మరువదు.

ఇంతవరకు చెప్పిన విషయాలలో పూర్వుల గౌరవం, రాబోయేవారి క్షేమం ఒకే దారిలో నడిచాయి. చెరువును కాపాడితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఎప్పుడైనా ఈ రెండూ ఎదురుపడితే ఏం చేయాలి? దీనికి కూడా మన ప్రాంతమే ఉదాహరణ.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌, కోదాడ ప్రాంతాలకు నేడు పచ్చదనాన్ని ఇచ్చినది నాగార్జునసాగర్ ఎడమకాలువ. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్‌ నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. యంత్రాలు తక్కువగా ఉన్న ఆ రోజులలో వేలాది కూలీలు తట్టలతో మోసి కట్టిన రాతికట్టడం అది. వర్షాధారపు మెట్టభూములు వరిపొలాలయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుగాంచింది.

కాని ఆ జలాశయం అడుగున ఒక మహానగరం ఉన్నది. ఇక్ష్వాకులు క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో రాజధానిగా ఏలిన విజయపురి అది. ఆచార్య నాగార్జునుని పేరుతో వెలసిన ఆ కొండలోయలో స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు, రంగస్థలం ఉండేవి. ఆనకట్ట కడితే అవన్నీ మునిగిపోతాయి. కట్టకపోతే లక్షలాది ఎకరాలు బీడుగానే మిగులుతాయి. పూర్వుల నగరమా, పిల్లల అన్నమా అనే ప్రశ్న ఆ తరం ముందు నిలిచింది. వారు నీటినే ఎంచుకొన్నారు. అయితే నగరాన్ని తలచుకోకుండా ముంచివేయలేదు. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తుశాఖ ఆ లోయనంతా తవ్వి, కొలిచి, చిత్రించి, వివరాలు నమోదు చేసింది. ముఖ్యమైన కట్టడాలను కొండపైన, అనుపు వద్ద తిరిగి నిలిపారు. శిల్పాలను భద్రపరచడానికి కొండమీద ప్రదర్శనశాల కట్టారు. నేడు ఆ కొండ జలాశయం నడుమ ద్వీపమై నిలిచి ఉన్నది. త్యాగం చేయక తప్పనప్పుడు ఏది పోగొడుతున్నామో పూర్తిగా తెలుసుకొని, దక్కించుకోగలిగినది దక్కించుకొని, లెక్క వ్రాసి పెట్టడం ఆ తరం మనకు నేర్పిన నీతి.

ఆ లెక్కలో వ్రాయని త్యాగం కూడా ఒకటున్నది. జలాశయం క్రింద మునిగిన గ్రామాల ప్రజలు తమ ఇండ్లను, పొలాలను, తమ పెద్దల సమాధులను వదిలిపోయారు. ఎడమకాలువ క్రింద పండిన ప్రతి గింజలో వారి భాగం ఉన్నది. ఆ భాగాన్ని మనం ఎట్లా చెల్లిస్తున్నాము? సాగర్ జలాశయం మొదట 408 టి.ఎం.సి.ల నీటిని నిలువచేసేది. పూడిక వలన ఆ సామర్థ్యం నేడు సుమారు 312 టి.ఎం.సి.లకు తగ్గింది. ఎగువ కొండల చెట్లు కొట్టినా, నేల కోసుకుపోయినా ఆ మట్టి చివరికి చేరేది జలాశయాలకే. కాలువ చివరి పొలానికి నీరు అందదని తెలిసి కూడా ఎగువన అవసరానికి మించి పారించుకొంటాము. కోతలైన తరువాత వరి కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టి, నేలలోని జీవాన్ని కాల్చివేస్తాము. రైతు కష్టాలు తక్కువవి కావు. కూలీల కొరత, కాలవ్యవధి లేకపోవడం అతన్ని ఆ పనికి పురికొల్పుతాయి. అందుచేత ఈ బాధ్యతను రైతు ఒక్కని నెత్తిన పెట్టడం న్యాయం కాదు. అతడు పండించిన అన్నం తినే మనమందరం అందులో భాగస్వాములమే.

ఇక్కడ మరొక సందేహం కలుగవచ్చు. పూర్వులు చేసినదంతా మంచిదేనా? వారు ఇచ్చినదంతా యథాతథంగా రాబోయేవారికి అందించవలసినదేనా? కాదు. పూర్వులను గౌరవించడం వేరు, గుడ్డిగా అనుసరించడం వేరు. చెరువుతోపాటు ఊరి బావి దగ్గరికి కొందరిని రానీయని అంటరానితనం కూడా వారసత్వంగానే వచ్చింది. గుడి కట్టించినవారి పేరు శాసనంలో ఉన్నది. రాయి కొట్టినవారి పేరు, చెరువుకట్టకు మట్టి మోసిన వడ్డెరల పేరు అందులో లేదు. మన పూర్వులు ఎవరని అడిగితే రాజుల పేర్లు చెప్పి ఊరుకొంటే సరిపోదు. పేరు దక్కని ఆ శ్రామికులు కూడా, వారిది ఏ కులమైనా, మనందరికీ పూర్వులే.

కూలి ఇవ్వకుండా చాకిరి చేయించుకొనే వెట్టి కూడా ఈ నేలపై ఎన్నో తరాలపాటు ఆచారంగా చలామణి అయింది. దానిని ఎదిరించిన తెలంగాణ రైతాంగ పోరాటానికి సూర్యాపేట ప్రాంతం ఒక ముఖ్య కేంద్రం. 1946 నుండి 1951 వరకు సాగిన ఆ పోరాటంలో కరివిరాల కొత్తగూడేనికి చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, అతని చెల్లెలు మల్లు స్వరాజ్యం పాల్గొన్నారు. వారు భూస్వామ్య కుటుంబంలో పుట్టినవారు. వెట్టి సాగితే వారికి లాభమే తప్ప నష్టం లేదు. అయినా తమ పెద్దలనుండి వచ్చిన ఆ అధికారాన్ని తమ తరువాతివారికి అందించడానికి ఒప్పుకోలేదు. 2022లో మరణించేవరకు మల్లు స్వరాజ్యం తాను నమ్మిన మాటను చెబుతూనే ఉన్నారు. వారి రాజకీయ మార్గంతో ఏకీభవించనివారు కూడా ఒక సత్యాన్ని అంగీకరించక తప్పదు. వారసత్వంగా వచ్చిన అన్యాయాన్ని తనతో ఆపివేయడం కూడా రాబోయే తరానికి ఇచ్చే కానుకే. చెరువును నిలిపినవారు ఎట్లా పూర్వులో, వెట్టిని ఆపినవారు కూడా అట్లాగే పూర్వులు. ఏది నిలపాలి, ఏది ఆపాలి అనే వివేకమే వారసుని అర్హత.

‘రాబోయే తరాలు మనకేం చేశాయని మనం వారికోసం కష్టపడాలి?’ అని వాదించేవారున్నారు. ఆ వాదం విననింపుగా ఉండవచ్చు. మరి ఎరకసానికి మనమేం చేశాము? సాగర్ కట్టకు రాళ్ళు మోసిన కూలీకి మనమేం చేశాము? ఏమీ చేయలేదు. అయినా వారి కష్టఫలాన్ని అనుభవిస్తున్నాము. పుచ్చుకొనేటప్పుడు ఈ ప్రశ్న వేయనివారికి ఇచ్చేటప్పుడు వేసే హక్కు లేదు.

‘ఈనాటి పేదవానికే కడుపు నిండడం లేదు. పుట్టని బిడ్డల సంగతి ఎందుకు?’ అనే ప్రశ్న ఇంతకంటె గట్టిది. దీనిని తేలికగా తోసివేయరాదు. నేటి ఆకలిని తీర్చకుండా రేపటి క్షేమాన్ని గురించి మాట్లాడడం దయలేని పని. కాని ఈ రెండింటికీ వైరం లేదు. ఎంత కరవు వచ్చినా రైతు విత్తనపు వడ్లను ముట్టడు. తన పిల్లలు ఈ ఏడు మాత్రమే కాక వచ్చే ఏడు కూడా తినాలని అతనికి తెలుసు. చెరువు నీటిని వాడుకోవడం అందరి హక్కు. కట్టను తెంచడం ఎవరి హక్కూ కాదు. పైగా చెరువు ఎండినా, భూగర్భజలం అడుగంటినా మొదట వలసపోయేది పేదవాడే. ధనికుడు నీళ్ళను కొనుక్కోగలడు. అందుచేత రేపటిని కాపాడడమంటే నేటి పేదవానిని కాపాడడమే.

ఈ భావం మన ఊరికో, మన మతానికో పరిమితమైనది కాదు. 1976లో మన రాజ్యాంగానికి చేసిన 42వ సవరణ పౌరులకు ప్రాథమిక విధులను నిర్దేశించింది. మన సమష్టి సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం, అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణులతో కూడిన ప్రకృతిని రక్షించడం ఆ విధులలో ఉన్నాయి. వెనుకటివారి సంస్కృతిని, ముందటివారికి కావలసిన ప్రకృతిని రాజ్యాంగం ప్రక్కప్రక్కనే నిలిపింది. ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ సంఘం 1987లో ఇచ్చిన నివేదిక కూడా, భావితరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలను తీర్చుకోవడమే సరైన అభివృద్ధి అని నిర్వచించింది. మన తాతలు చెరువును సంతానం అన్నప్పుడు చెప్పినది దాదాపు ఇదే.

ఇంత పెద్ద బాధ్యతలో జూనియర్ కళాశాల విద్యార్థులు చేయగలిగినది ఏమున్నది? చాలా ఉన్నది. మొదటిది తెలుసుకోవడం. మీ ఊరి చెరువుకు నీరు ఎక్కడినుండి వస్తుంది, మత్తడి దూకి ఎక్కడికి పోతుంది, దానికి ఎన్ని తూములున్నాయి అనే విషయాలను ఇంటి పెద్దలను అడిగి వ్రాసి పెట్టుకోండి. ఏ వాన ఎట్లా కురుస్తుందో, ఏ మట్టికి ఏ పంట తగునో ఎరిగినవారు మీ ఇళ్ళలోనే ఉన్నారు. వారు పోయిన తరువాత ఆ జ్ఞానాన్ని ఏ గ్రంథాలయంలో వెదికినా దొరకదు. రెండవది పాడుచేయకుండా ఉండడం. పిల్లలమర్రి వంటి గుడులకు విహారయాత్రలకు వెళ్ళినవారు కొందరు రాతిమీద తమ పేర్లను గీకివస్తారు. ఎరకసాని పేరు కూడా రాతిమీదనే ఉన్నది. ఆమె ఏదో ఇచ్చి పేరు వ్రాయించుకొన్నది. వీరు ఉన్నదానిని చెరిపి పేరు వ్రాసుకొంటున్నారు. ఈ రెండు పేర్లకు గల తేడాను రాబోయేవారు సులభంగానే గుర్తిస్తారు. మూడవది నిలపడం. పండుగల తరువాత చెరువులో రంగులు, ప్లాస్టిక్ మిగలకుండా చూడడం, నాటిన మొక్కకు మూడేళ్ళు నీరు పోయడం, చెరువు శిఖాన్ని కబ్జా చేస్తున్నప్పుడు గ్రామసభలో పెద్దలచేత ప్రశ్న వేయించడం మీకు సాధ్యమైన పనులే. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత ఆ ప్రశ్నను మీరే వేయవచ్చు, మీ ఓటుతో సమాధానం కూడా రాబట్టవచ్చు.

పూర్వులంటే ఎప్పుడో గతించినవారని మనం అనుకొంటాము. కాని కాలం ఆగదు. నేడు ఈ పాఠం చదువుతున్నవారే ఒకనాడు పూర్వులవుతారు. 2100వ సంవత్సరంలో మిర్యాలగూడలోనో, కోదాడలోనో, సూర్యాపేటలోనో పదహారేళ్ళ విద్యార్థి ఒకడు చెరువుగట్టున నిలబడతాడు. మన పేర్లు అతనికి తెలియవు. తెలియనవసరం లేదు. అతని ఎదుట నీరుండాలి, అతని ఊరిలో ఎవరూ ఎవరికీ వెట్టి చేయకుండా ఉండాలి, అతడు చదువుకొనడానికి శాసనాలు చెరగకుండా ఉండాలి. అవి ఉంటే మన పెద్దలకు మనం పడిన ఋణం తీరినట్లే.